పొటాషియం అనలేక మెగ్నీషియం అన్న అబ్బాయికి

ప్రశ్న: మాస్టారూ, నాకు 27 ఏళ్ళు. మాది విడవలూరు పక్కన పల్లె. ముత్తుకూరులో బీఎఫ్‌ఎస్‌సీ (చేపలు, రొయ్యల పెంపకం డిగ్రీ) చదివి, రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి నత్తి. చెరువు గట్టు మీద ఒకరిద్దరు రైతులతో అయితే నెట్టుకొస్తాను. నెలకు రెండు మూడుసార్లు రైతు మీటింగులు పెడతారు. నలభై యాభైమంది వస్తారు, మైకు చేతికిస్తారు. అక్కడ నా పేరు నేను చెప్పుకోవడానికే నోరు పెగలదు.

మొన్న అల్లూరు దగ్గర మీటింగులో ఒక రైతు లేచి, రొయ్యలు చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెంలో) వంకర తిరిగిపోతున్నాయి, ఏం వెయ్యమంటావు అని అడిగాడు. ఆయన చెరువు నీళ్ళ రిపోర్టు నా చేతిలోనే ఉంది. పొటాషియం బాగా తక్కువ. ఆ మాట పెదాల దగ్గరే బిగుసుకుపోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. ‘మెగ్నీషియం’ అనేశాను. అది తేలిగ్గా వచ్చేసింది. రాత్రి నిద్రపట్టక, ‘పొటాషియం వెయ్యాలి, మెగ్నీషియం కాదు’ అని ఆయనకు వాట్సాప్‌లో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

మేనేజర్ మంచివాడే. ‘ఇకనుంచి ఇంకో అబ్బాయి మాట్లాడతాడులే, నువ్వు ల్యాప్‌టాప్ చూసుకో’ అన్నాడు. ఒక పక్క ప్రాణం లేచొచ్చింది, ఇంకో పక్క తల కొట్టేసినట్టుంది. నత్తి పూర్తిగా పోయే దారి చెప్పండి. లేదంటే మీటింగులో బయటపడకుండా ఉండే చిట్కా అయినా చెప్పండి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అమ్మాయి వాళ్ళకు ముందే చెప్పాలా? – పేరు వద్దు

జవాబు: నాయనా, నా దగ్గర చదువుకుని వెళ్ళిన పిల్లల వయసు నీది, అందుకని నువ్వు అనే రాస్తున్నాను. నత్తి పూర్తిగా పోయే దారి నా దగ్గర లేదు. ఉంటే ముందు నేనే ఆ దారిన పోయేవాణ్ణి. బయటపడకుండా ఉండే చిట్కాలు మాత్రం ముప్పై నలభై ఉన్నాయి. ముప్పై ఏళ్ళ పాటు పోగేసినవి. వాటిలో ఒక్కటి కూడా నీకు చెప్పను.

ఎందుకంటే, నువ్వు చేసిన పనే నేనూ చేశాను.

1991లో కావలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేరాను. ఇంటర్ రెండో సంవత్సరంలో పరావలయం, దీర్ఘవృత్తం, అతిపరావలయం అని వంపు గీతల మీద వరసగా మూడు పాఠాలుంటాయి. నాకు ‘ప’ బద్ధశత్రువు. ‘పరావలయం’ అనబోతే జిగురు పూసినట్టు రెండు పెదాలూ అతుక్కుపోయేవి. అదే ‘అతిపరావలయం’ మాత్రం నల్లేరు మీద బండిలా వచ్చేసేది. ముందు ‘అ’ ఉంది కదా, దాని వీపెక్కి ‘ప’ దాటేసేది. అందుకని మొదటి ఏడాది పరావలయం పాఠం మొత్తం ఆ పేరు అనకుండానే చెప్పాను. బోర్డు మీద సమీకరణం రాసేవాణ్ణి, బొమ్మ గీసేవాణ్ణి, పేరు దగ్గరికొచ్చేసరికి ‘ఇది’ అనేవాణ్ణి. మరీ తప్పనప్పుడు ‘అతిపరావలయం’ అనేసి బొమ్మ వైపు చూపించేవాణ్ణి. పుస్తకంలో ఉంది కదా, పిల్లలే సర్దుకుంటారులే అని.

క్వార్టర్లీ పేపర్లు వచ్చాయి. పరావలయం ప్రమాణ సమీకరణం రాయమంటే తొమ్మిదిమంది అతిపరావలయానిది రాశారు. ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ తొమ్మిదిమందికీ మార్కులు వేసేశాననుకో, అది వేరే సంగతి.

నేను క్లాసులో పావు నిమిషం ఆగి, పెదాలు వణికి, ‘ప... ప... పరావలయం’ అని ఉంటే ఏమయ్యేది? వెనక బెంచీలో ఇద్దరు ముగ్గురు నవ్వేవాళ్ళు. అందరూ సరిగ్గా రాసేవాళ్ళు. నీ మీటింగులోనూ అంతే. నీ మాట ఆగి ఉంటే ఆ రైతుకు పోయేది పావు నిమిషం. నువ్వు మాట మార్చావు కాబట్టి ఆయన చెరువులోకి తప్పు మూట పోబోయింది. రాత్రికి రాత్రే మెసేజ్ పెట్టావు, మంచి పని చేశావు. అయినా నిన్ను నిద్రపోనివ్వంది నత్తి అని నేననుకోను. దాన్ని దాచడానికి నువ్వు కట్టిన ఖరీదు.

దాచే అలవాటు ఎంతదాకా తీసుకెళ్తుందో ఇంకొకటి చెప్తాను. పెళ్ళికి ముందు ఒక పెద్ద ఊళ్ళో నత్తి సెంటర్‌లో పదిహేను రోజులున్నాను. రెండు నెలల జీతం కట్టాను. ‘గ్యారంటీ’ అని బోర్డు మీదే రాసి ఉండేది. అక్కడ అందరం తాళం వేస్తున్నట్టు ఒక్కో అక్షరం సాగదీసి మాట్లాడేవాళ్ళం. నిజంగానే నత్తి రాలేదు. ఆఖరి రోజు నా చేత స్టేజీ ఎక్కించి ఉపన్యాసం ఇప్పించారు, గడగడా చెప్పేశాను. పొంగిపోయి నెల్లూరు వచ్చి ఒంగోలు బస్సెక్కాను. కండక్టర్ వచ్చి ‘ఎక్కడికి?’ అన్నాడు. కావలి. ‘క’ గొంతులో కూర్చుంది. వెనక జనం తోసుకుంటున్నారు, ఆయన టికెట్ మిషన్ పట్టుకుని నిలబడ్డాడు. ‘ఒంగోలు’ అన్నాను. ఒంగోలుకు టికెట్ తీసుకుని కావలిలో దిగిపోయాను. ‘ఇంకా శానా దూరముంది సామీ’ అన్నాడు పక్కాయన. వినపడనట్టు దిగేశాను.

టికెట్ మిషన్ అన్నాను కానీ ఆ రోజుల్లో చేతితో చించిచ్చే కాగితం టికెట్లే. జ్ఞాపకం కూడా మాట మార్చేస్తుంది, చూడు.

ఇప్పుడు అసలు నత్తి అంటే ఏమిటో క్లుప్తంగా. నీకు కొంత తెలిసే ఉంటుంది, కానీ నీ చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పేదాంట్లో చాలావరకు తప్పు. నత్తి సాధారణంగా రెండు నుంచి అయిదేళ్ళ మధ్య మొదలవుతుంది. ఎక్కువమంది పిల్లలకు దానంతట అదే పోతుంది. పెద్దయ్యాక కూడా ఉండిపోయేది సుమారు నూటికి ఒకరికి, ఆడవాళ్ళకంటే మగవాళ్ళలో ఎన్నో రెట్లు ఎక్కువ. రెండు మూడు మీటింగులకు వచ్చిన రైతులను లెక్కేసుకుంటే, తలపాగా చాటున నీలాంటివాడు ఒకడైనా కూర్చుని ఉంటాడు. ఇది పిరికితనం వల్ల వచ్చేది కాదు. కుటుంబాల్లో వస్తుంది. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు పాకిస్తాన్, అమెరికా, ఇంగ్లండ్ మనుషులను పరీక్షించి, నత్తితో సంబంధం ఉన్న మూడు జన్యువులను పట్టుకున్నారు. అందరి నత్తికీ అవే కారణం కాదు, కొందరికే. టెన్షన్ నత్తిని పెంచుతుంది, పుట్టించదు. నత్తి ఉన్న పిల్లాడితో ఆడుకుంటే అంటుకోదు. నాకు చిన్నప్పుడు వస కొమ్ము తేనెతో అరగదీసి నాకించారు. దాని వల్ల నేను వసపిట్టను కాలేదు, నాలుక మాత్రం మండింది. నత్తిని తీసేసే మాత్ర కూడా ఇంతవరకు లేదు.

మా అమ్మ నన్ను ఏటా మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగకి తీసుకెళ్ళేది. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఎవరి చేతినుంచో ఆరోగ్య రొట్టె అందుకుని, నాకు తినిపించేది. నత్తి పోలేదు. కాలేజీలో ఉద్యోగం వచ్చిన ఏడాది, మొక్కు తీరినవాళ్ళు ఇచ్చినట్టు తను వెళ్ళి రొట్టె ఇచ్చి వచ్చింది. ‘నత్తి పోలేదు కదమ్మా, మొక్కు ఎట్లా తీరినట్టు?’ అని అడిగితే, ‘నోటితో బతికే ఉద్యోగమే వచ్చింది కదరా’ అంది. ఆమె లెక్క నాకు అప్పుడు అర్థం కాలేదు.

సరే, మీటింగు సంగతికి వద్దాం. మొదటి నిమిషం మీదే మనసు పెట్టు. నీ టెన్షన్ అంతా ‘ఇప్పుడు బయటపడుతుందేమో’ అన్న దాంట్లో ఉంది. బయటపెట్టేసేయ్. మైకు చేతికి రాగానే, పేరు కంటే ముందు, ఈ ముక్క చెప్పు: ‘అన్నా, నాకు నత్తి ఉంది. మాట అక్కడక్కడా ఆగుతుంది. ఆగినప్పుడు మీరు అందించొద్దు, నేనే చెప్తాను. అర్థం కాకపోతే మళ్ళీ అడగండి.’ అంతే. సారీ చెప్పొద్దు. ‘కొంచెం అడ్జస్ట్ అవ్వండి’ అని బతిమాలొద్దు. ఏరియేటర్ ఎన్ని గంటలు తిప్పాలో చెప్పినంత మామూలుగా చెప్పు. ఈ నాలుగు మాటలు చెప్పేటప్పుడే నత్తి వస్తే ఇంకా మేలు, నిజమేనని వాళ్ళకు అప్పుడే తెలిసిపోతుంది.

ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఒకాయన ‘మా బామ్మర్దికీ ఉందబ్బయ్యా’ అంటాడు. ఇంకొకాయన గులకరాళ్ళు నోట్లో పెట్టుకుని మాట్లాడమంటాడు. ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ నవ్వు మొదటి నిమిషంలోనే అయిపోతుంది. మిగతా అరగంట వాళ్ళు తమ చెరువు గురించి వింటారు. లక్షలు పోసి కల్చర్ చేస్తున్న మనిషికి నీ పెదాల మీద కంటే తన రొయ్యల మీదే ధ్యాస ఎక్కువ.

కేరళకు 1957లో మొదటి ముఖ్యమంత్రి అయిన ఈఎంఎస్ నంబూద్రిపాద్‌కు నత్తి ఉండేది. జీవితాంతం సభల్లో మాట్లాడాడు. ఎవరో ఆయన్ను ‘మీకు ఎప్పుడూ నత్తేనా?’ అని అడిగితే, ‘లేదు, మాట్లాడేటప్పుడు మాత్రమే’ అన్నాడని చెప్పుకుంటారు. అలాంటిది ఒకటి నువ్వూ జేబులో ఉంచుకో. రైతులకు చమత్కారం నచ్చుతుంది. నేను క్లాసులో అటెండెన్స్ ముందు ‘పదమూడో నంబర్ కాస్త ఓపిక పట్టాలి’ అనేవాణ్ణి.

ఇక మాట ఆగినప్పుడు ఏం చెయ్యాలి. ‘పొటాషియం’ అనబోయి బిగుసుకున్నప్పుడు నువ్వేం చేస్తావో గమనించావా? నేను చెప్తాను. పెదాలు గట్టిగా నొక్కుతావు, ఊపిరి బిగపడతావు, కళ్ళు నేలకు దించుతావు, లోపలి నుంచి తోస్తావు. తలుపు మూసి పట్టుకుని దాన్నే భుజంతో నెట్టినట్టు. తొయ్యడం ఆపు. ఆగిన చోటే ఆగి, పెదాల బిగువు కొంచెం కొంచెంగా వదులు, ఊపిరిని కొద్దిగా జారనివ్వు, ఆ సందులోంచి మాట మెల్లగా బయటికి రానివ్వు. ‘ప్... పొటాషియం’. వచ్చాక గబగబా తర్వాతి మాటకు పరిగెత్తొద్దు. ఒక క్షణం ఆగి అదే మాటను నిదానంగా మళ్ళీ అను: ‘పొటాషియం’. రైతుకు మందు పేరు రెండుసార్లు వినపడుతుంది, నష్టమేం లేదు. ఇది నేను కనిపెట్టింది కాదు. చార్లెస్ వాన్ రైపర్ అని అమెరికాలో ఒక ప్రొఫెసర్ ఉండేవాడు, ఆయనకూ నత్తే. నత్తి రాకుండా మాట్లాడాలని జీవితమంతా కొట్టుకునే బదులు, నత్తినే తేలిగ్గా, బిగుసుకోకుండా పలకడం నేర్చుకోవచ్చని ఆయన పద్ధతి. ఇప్పటికీ థెరపిస్టులు వాడుతున్నారు.

కళ్ళు మాత్రం దించొద్దు. ఇది కష్టం. నాకు ఆరేళ్ళు పట్టింది. మాట ఆగినప్పుడు నువ్వు నేల చూపులు చూస్తే, నీకేదో అయిందని ఎదుటివాళ్ళు కంగారు పడతారు. వాళ్ళను చూస్తూ ఆగితే, ఆలోచిస్తున్నాడులే అనో, వస్తుందిలే అనో కూర్చుంటారు.

కాలు తట్టడం, చిటికె వెయ్యడం, మాట ముందు ‘అంటే అంటే’ అని తోకలు తగిలించడం లాంటివి మొదలుపెట్టొద్దు. కొత్తలో భలే పనిచేస్తాయి. నెల తిరిగేసరికి పనిచెయ్యడం మానేస్తాయి, అలవాటు మాత్రం ఒంటికి అంటుకుపోతుంది. బొటనవేలితో తొడ మీద తట్టే అలవాటు నాకు ఇప్పటికీ ఉంది. నత్తీ ఉంది, తట్టడమూ ఉంది. ఒకటి పోగొట్టబోయి రెండు తెచ్చుకున్నాను.

ప్రాక్టీసు అద్దం ముందు చేస్తున్నానని చెప్పకు. అద్దం ముందు నత్తి రాదు కదా! గేదెతో మాట్లాడినా, ఉయ్యాల్లో పాపతో మాట్లాడినా, గుళ్ళో అందరితో కలిసి గోవిందలు కొట్టినా రాదు. అది ఎక్కడ వస్తుందో అక్కడే పని చెయ్యాలి. రోజుకొకసారి, వచ్చినా రాకపోయినా, కావాలనే కాస్త నత్తిగా మాట్లాడు. టీ కొట్టు దగ్గర ‘ట్... ట్... టీ’ అను, తెలిసి, నీ ఇష్టంతో, మొహం చూస్తూ. పిచ్చి పనిలా ఉంటుంది. కానీ ఇన్నాళ్ళూ అది నిన్ను పట్టుకుంది, ఇప్పుడు నువ్వు దాన్ని పట్టుకుంటున్నావు. పదిమంది ముందు నత్తిగా అంటే ఆకాశం ఊడిపడదని ఒంటికి తెలియాలి, బుద్ధికి తెలిస్తే చాలదు. తర్వాత గట్టు మీద ముగ్గురు రైతుల్ని నిలబెట్టి, మీటింగులో చెప్పాల్సిందే అక్కడ చెప్పు. ముగ్గురు ఆరుగురు అవుతారు.

మందు ప్యాకెట్టు చేత్తో పైకెత్తి చూపించడం, బోర్డు మీద మోతాదు రాయడం మంచిదే. రైతుకు పనికొస్తుంది. కానీ పేరు ముందు నోటితో అను, తర్వాత ప్యాకెట్టు చూపించు. చూపించి అనకుండా తప్పించుకున్నావంటే నా బోర్డు మీద బొమ్మే అవుతుంది.

పేరు దగ్గరే ఎందుకు ఎక్కువ ఆగుతుందంటే, మిగతా మాటలకు మారుమాట దొరుకుతుంది, పేరుకు దొరకదు. ఇందులో మర్మమేం లేదు. మైకు ఇచ్చేవాడు నీ పేరు ముందే చెప్పేశాడని నువ్వు మళ్ళీ చెప్పకుండా దాటేయొద్దు.

మేనేజర్‌తో మాట్లాడు. మంచివాడని నువ్వే అన్నావు. ‘సార్, ల్యాప్‌టాప్ చూసుకుంటాను, కానీ నీళ్ళ రిపోర్టుల భాగం నేనే చెప్తాను, పది నిమిషాలకు బదులు పదిహేను ఇవ్వండి’ అని అడుగు. గట్ల మీద తిరిగి నీళ్ళు పట్టుకొచ్చేది నువ్వు. చెరువు చూడని అబ్బాయి గడగడా చదివితే రైతు రెండో ప్రశ్న వేసేదాకానే చెల్లుతుంది. వద్దంటే అప్పుడు చూద్దాం. అడగక ముందే నీ అంతట నువ్వు కుర్చీ దిగొద్దు.

స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళడం నామోషీ అనుకోకు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని మొదటే అడుగు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నాయి, రెండూ కేంద్ర ప్రభుత్వానివే. పదిహేను రోజుల్లో గ్యారంటీ అన్నవాడి గడప తొక్కకు. నత్తి ఉన్నవాళ్ళే కలిసి పెట్టుకున్న ‘ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్’ కూడా ఉంది. అందులో ఎవరూ ఎవరికీ వైద్యం చెయ్యరు, కూర్చుని మాట్లాడుకుంటారు. నా చిన్నతనంలో అలాంటిది లేదు. నాలాగే మాట ఆగిపోయే ఇంకో మనిషిని నేను మొదటిసారి చూసింది ముప్పై దాటాక, కందుకూరులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర. ఇద్దరం ‘పప్పు’ అనలేక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వడ్డించేవాడు మా ఇద్దరికీ సాంబారు పోసి వెళ్ళాడు.

సంబంధాల సంగతి ఒక్క ముక్కలో. ముందే చెప్పు, నీ నోటితోనే చెప్పు, అమ్మానాన్నల చేత చెప్పించకు. పెళ్ళిచూపుల్లో మౌనంగా కూర్చుని, నెమ్మదస్తుడని పేరు తెచ్చుకుని, తర్వాత జీవితాంతం నెమ్మదస్తుడిగా నటించడం ఎవరి వల్లా కాదు.

పరావలయం కథ పూర్తి చెయ్యలేదు కదూ. పేపర్లు దిద్దిన మర్నాడు క్లాసుకెళ్ళి, తొమ్మిదిమంది తప్పు రాసింది నా వల్లనే అని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. తర్వాత ఆ మాట అనడం మొదలుపెట్టాను. ఎంతసేపు పట్టిందో తెలియదు, ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది. చివరకు ‘పరావలయం’ అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు ‘వచ్చింది సార్!’ అని అరిచాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ తర్వాత కూడా ఆ మాట దగ్గర ఆగుతూనే వచ్చాను, రిటైరయ్యేదాకా.

తర్వాతి మీటింగు ఎప్పుడో నువ్వు రాయలేదు. ఎప్పుడైనా సరే, దానికంటే ముందు పని ఒకటుంది. నీలం టిక్కులు పడి జవాబు రాని ఆ అల్లూరు రైతుకు ఫోన్ చెయ్యి. మళ్ళీ మెసేజ్ కాదు, ఫోన్. నాకు నత్తి ఉంది, ఆ రోజు ఆ మాట రాక ఇంకోటి అన్నాను అని చెప్పి, వెయ్యాల్సింది పొటాషియం అని నోటితో అను. మాట ఆగినప్పుడు అవతల నుంచి ‘హలో... హలో’ అంటాడు. అననీ. ఫోన్ పెట్టేస్తే మళ్ళీ చెయ్యి.